మేనత్త కాబోయిన పెళ్లికూతురు

ముందు వార్త చెప్పేస్తాను, కథ తర్వాత. నేను డిగ్రీ పాసయ్యాను.

ఫలితం ఫోన్లో చూశాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. గుడి ముందు పూలమ్మే ఆమెకు మొదట చెప్పాను, తర్వాత చాయ్ బండి దగ్గర చెప్పాను, తర్వాత ఆటోలో చెప్పాను. ఆటో అబ్బాయి "మీ పాపనా మేడమ్?" అన్నాడు. కాదు నాయనా, నేనే అంటే వెనక్కి తిరిగి నన్ను చూస్తూ సిగ్నల్ దాటేశాడు. మా నాన్న రైల్వే షెడ్డులో ఖలాసీ. మా అమ్మ బడి గేటు దాటింది నన్ను దింపడానికే. మా ఇంటి పేరు పక్కన డిగ్రీ అన్న మాట చేరింది ఇదే మొదటిసారి, అదీ నేను ఉద్యోగం నుంచి రిటైరయ్యాక. కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడితే సర్దుకోండి. ఈ నెలంతా ఇంతే.

సమాజశాస్త్రం పేపర్లో బంధుత్వ వ్యవస్థ గురించి రాయమన్నారు. పుస్తకంలో ఉన్నది అర పేజీ రాశాను. తర్వాత నా ఉద్యోగంలో ఎదురైన ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా రాశాను, అదనపు కాగితాలు అడిగి మరీ. దిద్దినాయన ఎవరో గానీ ఓపికున్నవాడు. అన్ని పేపర్లలోకీ అందులోనే ఎక్కువ మార్కులొచ్చాయి. అంత పలికిన కథను నా దగ్గరే ఉంచుకోవడం ఎందుకు? ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మీరు చదువుతారని మళ్లీ రాస్తున్నాను. ఈసారి పక్కన నిలబడి గంట కొట్టేవాళ్లు లేరు.

నా పని ఉపదేశి పని. మెట్టుగూడ వైపు ఒక కతోలిక విచారణలో, అంటే ఒక గుడి పరిధిలో, పెద్దవాళ్లకు సత్యోపదేశం చెప్పేదాన్ని. జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, కావాలని వచ్చే పెద్దవాళ్లు కొందరు, చిన్నప్పుడే తీసుకుని అన్నీ మరచిపోయినవాళ్లు కొందరు. మంగళవారం సాయంత్రం గుడి పక్క గదిలో క్లాసు. పిల్లలకు చెప్పడం సులువు, చాక్లెట్ ఇస్తే కూర్చుంటారు. పెద్దవాళ్లు చాక్లెట్ తీసుకుని కూడా వాదిస్తారు.

కరోనా తగ్గి గుళ్లు మామూలుగా నడవడం మొదలయ్యాక మా క్లాసుకు బొల్లారం నుంచి ఒక దర్జీ అబ్బాయి వచ్చాడు. హిందువుల కుటుంబం. తండ్రిది మిలిటరీ యూనిఫాంలు కుట్టే షాపు, కొడుకు కూడా అందులోనే. మా గాయకబృందానికి గౌన్లు కుట్టడానికి పిలిస్తే టేపు మెడలో వేసుకుని వచ్చాడు. బృందంలో ఒక అమ్మాయి తన కొలతలు తానే రాసిచ్చింది. అన్నీ తప్పు. ఆ ఒక్క గౌను కోసం అబ్బాయి ఎన్నోసార్లు తిరిగాడు. కొలతలు పొరపాటున తప్పాయా, కావాలని తప్పాయా అని నేను అడగలేదు. నాకూ వయసులో ఉన్న రోజులు గుర్తున్నాయి.

గౌన్లన్నీ అయిపోయాక కూడా అబ్బాయి రావడం మానలేదు. పాటల ప్రాక్టీసు జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చునేవాడు. కొన్నాళ్లకు వచ్చి జ్ఞానస్నానం కావాలన్నాడు. మా ఫాదర్ గుంటూరు వైపు యువకుడు, సూటిగా మాట్లాడేవాడు. పెళ్లి కోసమైతే స్నానం అవసరం లేదు బాబూ, బిషప్‌గారి అనుమతి తెచ్చి అలాగే పెళ్లి చేస్తాను అన్నాడు. పెళ్లి పెళ్లే ఫాదర్, ఇది నాకు కావాలె అన్నాడు అబ్బాయి. వాళ్లమ్మ కొన్నాళ్లు అలిగి, చివరికి అంగీ మార్చినంత మాత్రాన కొడుకు మారతడా అని ఊరుకుంది. దర్జీ ఇంటి ఆడమనిషి కదా, లెక్క ఆమెకు తెలుసు.

పెద్దవాళ్లకు జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు పక్కన ఒక జ్ఞానతండ్రి నిలబడాలి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలం మొదటి ఆదివారం పూజలో ఆయన అందరి ముందు అబ్బాయి భుజం మీద చెయ్యి వేసి, ఇతను సిద్ధంగా ఉన్నాడని సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాతే పాస్కా పండుగకు, అంటే ఈస్టర్‌కు, స్నానం. నేను బాగా ఆలోచించి అమ్మాయి సొంత అన్ననే జ్ఞానతండ్రిగా పెట్టాను. యువజన సంఘం నాయకుడు, రోజూ పూజకొచ్చే పిల్లవాడు. రెండు కుటుంబాలూ ఒకటవుతాయి అనుకున్నాను. ఇంత తెలివి నాకెక్కడ నుంచి వచ్చిందా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ వారం జపమాల ప్రార్థన అమ్మాయి వాళ్లింట్లోనే. ప్రార్థన అయిపోయి చాయ్ కప్పులు తిరుగుతుంటే నేను ఈ సంగతి గొప్పగా ప్రకటించాను. అందరూ సంతోషించారు. మూలన కుర్చీలో అమ్మాయి అమ్మమ్మ ఉంది. గుడికి నడిచి వెళ్లొచ్చని కూతురింట్లోనే ఉంటుందామె. కప్పు కింద పెట్టింది.

"టీచరమ్మా, జ్ఞానతండ్రి అంటే తండ్రేనా, కాదా?"

తండ్రే అమ్మమ్మా, దేవుని ముందు తండ్రి అన్నాను.

"తండ్రి చెల్లెలు ఏమైతది?"

క్లాసులో ప్రశ్నకు జవాబు చెప్పినట్టు టక్కున మేనత్త అని చెప్పేశాను. చెప్పాక వినిపించింది నాకు.

"మరి మేనత్తను పెండ్లి చేసుకుంటడా పిల్లగాడు?"

కొత్తగా తండ్రి అయిన అమ్మాయి అన్న బిస్కెట్ సగం నోట్లో పెట్టుకుని అలాగే ఉన్నాడు. కొత్తగా మేనత్త అయిన అమ్మాయి లేచి లోపలికి పోయింది.

సరే, అన్న వద్దు, అమ్మాయి నాన్నను పెడదామన్నాను. అప్పుడు అమ్మాయి ఆ అబ్బాయికి చెల్లెలవుతుంది అంది అమ్మమ్మ. పెదనాన్న? అయినా చెల్లెలే. బయటివాళ్లను పెడదామని విచారణలో మగవాళ్లందరినీ మనసులో ఒక వరుసలో నిలబెట్టాను. అమ్మాయి నాన్నను అన్నా అనో తమ్మీ అనో పిలవనివాడు వాళ్లలో ఒక్కడు లేడు. అంటే అందరూ ఆ పిల్లకు పెదనాన్నలూ చిన్నాన్నలే. అన్నదమ్ముల్లా మెలగండి అని ప్రతి ఆదివారం ఫాదర్ చెప్పింది మావాళ్లు ఇంత గట్టిగా పట్టించుకున్నారని అప్పుడే తెలిసింది. పోనీ నేనే జ్ఞానతల్లిగా ఉందామంటే, మా దగ్గర మగవాళ్లకు జ్ఞానతండ్రే నిలబడాలి.

ఫాదర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన నవ్వి నవ్వి, మా కతోలిక తిరుసభ చట్టంలో ఇప్పుడు అలాంటి అడ్డు ఏమీ లేదని అమ్మమ్మకే స్వయంగా చెప్పడానికి వచ్చాడు. నిజాయితీపరుడు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాడు. పాతకాలంలో జ్ఞానతండ్రికీ జ్ఞానబిడ్డకూ పెళ్లి కుదరదన్న నియమం ఉండేదట, తర్వాత తీసేశారట. అమ్మమ్మ నా వైపు తిరిగి, చూసినవా, ముందుగాల ఉండె, వీళ్లే తీసేసిన్రు అంది. చట్టం చదివిన ఫాదర్ చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఇది మెట్టుగూడలో ముగిసే ముచ్చట అయితే నేనే ఎలాగో సర్దేదాన్ని. అబ్బాయి ఇంట్లో దీన్ని జోకులాగా చెప్పాడు. వాళ్లమ్మ నవ్వలేదు. మర్నాడే బొల్లారం నుంచి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది.

"మీ దేవుడు నాకు కొత్త గని వరస కొత్తది గాదు గదమ్మ" అంది నాతో. "మేనత్త వరస పిల్లను కోడలుగ తెస్తే మావోళ్లల్ల తలెట్ల ఎత్తుకోవాలె? వరస కుదరకుంటే పెండ్లి లేదు."

మతాల మధ్య సంభాషణ గురించి నేను ఎన్నో శిబిరాలకు వెళ్లాను. రెండు మతాల ఆడవాళ్లు అంత తొందరగా ఒక మాట మీదికి రావడం ఎక్కడా చూడలేదు. ఇద్దరూ తమలపాకులు కూడా పంచుకున్నారు. లోపలి గదిలో అమ్మాయి ఏడుస్తోంది. అబ్బాయి టేపును వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. స్నానం మానుకుంటే వరస గొడవే ఉండదు కదా అని అమ్మాయి అన్న అన్నాడు. దానికి అబ్బాయి ఒప్పుకోలేదు. రెండూ కావాలన్నాడు.

అప్పుడు అమ్మమ్మ మెల్లగా, వరస కుదిరేటోడు ఒకడున్నడు అంది. అమ్మాయి మేనమామ. మేనమామ జ్ఞానతండ్రి అయితే అమ్మాయి అబ్బాయికి మేనత్త కూతురవుతుంది. మరదలు. ఇంతకన్నా మంచి వరస మన నేల మీద లేదు. అబ్బాయి వాళ్లమ్మ వేళ్ల మీద లెక్కేసుకుని తల ఊపింది.

ఇంట్లో మిగతావాళ్లెవరూ తల ఊపలేదు. ఎందుకంటే మేనమామ, అంటే అమ్మమ్మ ఒక్కగానొక్క కొడుకు, ఏళ్లుగా గుడి మెట్టు ఎక్కలేదు, అక్క ఇంటి గడప తొక్కలేదు.

దాని వెనక కథ ఇది. బోయిన్‌పల్లి మార్కెట్లో ఆయన కమీషన్ వ్యాపారి. ప్రతి గుడ్ ఫ్రైడేకు మా గుడి ఆవరణలో ప్రభువు శ్రమల నాటకం వేస్తాం. అందులో ఏటా శిష్యుల్లో పెద్దవాడైన పేతురు వేషం ఆయనదే. నాటకం నడిపించేది అమ్మాయి నాన్న, అంటే ఆయన బావ. ఒక ఏడాది ఎవరో గడ్డం బాగా ఉన్నాయన వస్తే పేతురు వేషం అతనికిచ్చి, బామ్మర్దే కదా, ఏమనుకుంటాడులే అని ఈయనకు ప్రభువును వెండి నాణేలకు అమ్మేసిన యూదా వేషం ఇచ్చాడు. కోపంతో వేశాడో కసితో వేశాడో గానీ యూదాను అంత బాగా ఎవరూ వేయలేదు. ముసలమ్మలు శాపనార్థాలు పెట్టారు. మర్నాడు మార్కెట్లో హమాలీల దగ్గర నుంచి లారీ డ్రైవర్ల దాకా యూదా సేటు అని పిలవడం మొదలుపెట్టారు. త్రాసు పట్టుకుంటే చాలు, వెండి నాణేలు తూస్తున్నవా సేటూ అనేవారు. బావ వచ్చి తప్పైందని చెప్పి పిలిచేదాకా రానన్నాడు ఆయన. నాటకంలో తప్పేంది, నేనెందుకు పిలవాలి అన్నాడు బావ. అంతే. అప్పటి నుంచి తల్లిని చూడాలంటే ఆదివారం గల్లీ చివరిదాకా వచ్చి, కూరగాయల సంచి ఆమె చేతికిచ్చి, నిలబడే మాట్లాడి వెళ్లిపోతాడు.

మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కు వెళ్లాను. టమాటా డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చున్నాడు.

"టమాట కోసం వచ్చినవా టీచరమ్మా, నా కోసం వచ్చినవా?"

నీ కోసమే అన్నా అన్నాను. అయితే టమాట సుత తీస్కపో, రేటు దిగింది అన్నాడు. మేనత్త దగ్గర నుంచి మరదలి దాకా అంతా చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగాడు.

"దేవుణ్ణి అమ్ముకున్నోణ్ణి టీచరమ్మా నేను. నన్ను తండ్రిగ వెడతరా?"

యూదా వేషం వేసినవాళ్లు పనికిరారని ఎక్కడా రాసిలేదన్నా, పూజకు రానివాళ్లు మాత్రం పనికిరారు అన్నాను. కొన్ని వారాలు క్లాసుకు రావాలి, గుడిలో ఫాదర్ ముందు తప్పులన్నీ ఒప్పుకుని పాపసంకీర్తనం చేయాలి, అదీ ఫాదర్ షరతు. ఆయన త్రాసు పళ్లెం తుడుచుకుంటూ కూర్చున్నాడు. అమ్మ ఏమన్నది అని అడిగాడు. నువ్వు తప్ప ఇంకెవరూ కుదరరన్నది అని చెప్పాను.

"మంగళారమేనా క్లాసు?" అన్నాడు.

పిల్లలూ, ఒక సలహా. క్లాసులో కమీషన్ వ్యాపారి ఉంటే ఎంత సిద్ధపడినా చాలదు. మొదటి వారమే ద్రాక్షతోట కూలీల కథ వచ్చింది. పొద్దుట వచ్చినవాడికీ, పొద్దుగూకే ముందు వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇచ్చిన కథ. ఆయన లేచి నిలబడ్డాడు. గిట్ల జేస్తే తెల్లారి పొద్దుగాల ఒక్క హమాలీ వస్తడా, అందరు సాయంత్రమే వస్తరు, మార్కెట్ బందయితది అన్నాడు. పుస్తకంలో దీనికి ఉన్న వివరణ చదివాను. అది ఆయన ముందు నిలవలేదు. క్లాసులో సగం మంది ఆయన వైపు చేరిపోయారు.

అప్పుడు దర్జీ అబ్బాయి, మామూలుగా నోరు విప్పనివాడు, అన్నాడు.

"మామా, పొద్దటి సంది అడ్డ మీద నిలబడ్డోణ్ణి ఎవ్వరు పిలవకపోతే, ఆ నిలబడుడు పని గాదా? ఎవరన్న పిలుస్తరా అని చూసుడు కన్న తోటల పని జేసుడే అల్కగుంటది."

ఆయన కూర్చున్నాడు. బయటికి పోయేటప్పుడు అబ్బాయిని ఆపి, ఇగ నన్ను మామ అనకు, వరస పాడైతది అన్నాడు.

తర్వాత ఒక్క మంగళవారం కూడా తప్పలేదు. వచ్చేటప్పుడు క్లాసుకంతా క్యారెట్లు తెచ్చేవాడు. చాక్లెట్ల ఖర్చు తగ్గింది. పాపసంకీర్తనం దగ్గర కాస్త ఇబ్బంది పడ్డాడు. ఇక్కడ చేయను, తనను ఎవరూ ఎరగని చోట చేస్తానని దూరంగా ఇంకో గుడికి పోయాడు. అక్కడ జాలీ వెనక కూర్చున్నది ఒకప్పుడు మా విచారణలో పనిచేసిన ముసలి ఫాదరట. ఈయన గొంతు విని, ఏం పేతురూ, ఇన్నాళ్లు ఎటు పోయినవు అన్నాడట. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తపస్సు కాలం మొదటి ఆదివారం వచ్చింది. గుడి నిండింది. అబ్బాయి కొత్త తెల్ల చొక్కాలో ముందు వరుసలో కూర్చున్నాడు, పక్క సీటు ఖాళీ. రెండో బెంచీలో అమ్మమ్మ, ఆమె పక్కన అబ్బాయి వాళ్లమ్మ. పూజ మొదలైంది, పఠనాలు అయిపోయాయి, మేనమామ లేడు. నేను పక్క తలుపు నుంచి బయటికి పోయి చూశాను. గోడ వారన స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు, ఎండలో. ఆయనదీ తెల్ల చొక్కానే, అబ్బాయి కుట్టింది.

లోపలికి రా అన్నా అన్నాను. వచ్చిన గద, ఇంక ఎవరన్న పిలవాలె గద అన్నాడు. నేను పిలుస్తున్నాను కదా అంటే, నువ్వు గాదు టీచరమ్మా అని గుడి ముఖద్వారం వైపు చూశాడు. అక్కడ ఆయన బావ పాటల కాగితాలు పంచుతూ నిలబడ్డాడు.

ఫాదర్ ప్రసంగం నడుస్తోంది. ఆయన ప్రసంగాలు పొడుగని విచారణంతా ఫిర్యాదు. ఆ రోజు మాత్రం ఇంకాస్త పొడుగు కావాలని నేను మనసారా ప్రార్థించాను. బావ దగ్గరికి పోయి విషయం చెప్పాను. ఆయన కాగితాలు సర్దుకుంటూ, నాటకం నాటకమే గదా అక్కా అని మొదలుపెట్టాడు. అంతలో ఆయన చూపు రెండో బెంచీ మీదికి పోయింది. అత్తగారు వెనక్కి తిరగలేదు. ఆమె వీపు ఒక్కటే కనిపిస్తోంది, నిటారుగా. ముందు వరుసలో ఖాళీ సీటు పక్కన కాబోయే అల్లుడు మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. బావ కాగితాల కట్ట నా చేతిలో పెట్టి బయటికి నడిచాడు. నేను వెనకే పోయాను. పోకుండా ఎలా ఉంటాను?

"ఏం బామ్మర్ది, ఎండల గూసున్నవు" అన్నాడు.

"నీడల జాగ లేదు బావ."

కొంతసేపు ఇద్దరూ స్కూటర్ అద్దం వైపు చూశారు. లోపల ప్రసంగం ముగింపుకు వస్తోంది, ఆ గొంతు ఎక్కడ దిగుతుందో నాకు తెలుసు.

"ఈసారి యూదా వేషం నేనేస్త" అన్నాడు బావ. "పేతురు నువ్వెయ్యి."

"నీతోని గాదు. యూదాకు జెర యాక్టింగ్ రావాలె."

"నేర్పియ్యి మరి. లోపటికొచ్చి నేర్పియ్యి."

ఆయన స్కూటర్ దిగాడు. ఇద్దరూ పక్కపక్కనే మెట్లెక్కారు.

ఫాదర్ అబ్బాయిని పేరు పెట్టి పిలిచాడు. మేనమామ వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాడు. మార్కెట్లో బస్తాను పట్టుకున్నట్టు గట్టిగా వేశాడు, అబ్బాయి ఒక పక్కకు ఒరిగాడు. ఇతను దేవుని వాక్యాన్ని శ్రద్ధగా విన్నాడా అని ఫాదర్ అడిగాడు. విన్నాడు అని ఒక్క మాట చెప్పాలి, నేను ఎన్నోసార్లు ప్రాక్టీసు చేయించాను.

"విన్నడు ఫాదర్" అన్నాడు. "నాకు సుత వినిపించిండు."

పుస్తకంలో లేని ఆ రెండో మాటకు ఏం చేయాలో తెలియక ఫాదర్ ఒక క్షణం ఆగి, దేవునికి కృతజ్ఞతలు అన్నాడు. అందరం అన్నాం. అమ్మమ్మ మెడ తిప్పలేదు. పక్కామెను జరగమని మోచేత్తో తట్టి, బెంచీలో ఒక మనిషికి చోటు చేసింది.

పాస్కాకు స్నానం జరిగింది, ఆ తర్వాత పెళ్లి. పెళ్లిలో అబ్బాయి వాళ్లమ్మ తన చుట్టాలకు మేనమామను చూపించి వరస వివరిస్తుంటే, క్లాసులో నేను ఏనాడూ అంత స్పష్టంగా ఏదీ చెప్పలేకపోయాననిపించింది.

మరుసటి ఏడు మళ్లీ ఒక అబ్బాయి వచ్చాడు. అదే కథ, విచారణలోని అమ్మాయిని చేసుకోబోతున్నాడు. ఈసారి కూడా జ్ఞానతండ్రిగా కుదిరినవాడు ఆ అమ్మాయి అన్నే. నేను దెబ్బ తిన్నదాన్ని కదా, ఎక్కడా నోరు విప్పకుండా ముందు అమ్మమ్మ దగ్గరికి పోయాను. ఆమె వరండాలో గోంగూర తుంచుతోంది. లోపల ఆమె కొడుకూ అల్లుడూ అన్నం తింటూ ఏదో విషయం మీద గట్టిగా వాదించుకుంటున్నారు. వరసకు ఎవరు కుదురుతారో నువ్వే చెప్పు అమ్మమ్మా అన్నాను.

"దేవుని ముందర వరసలేంది టీచరమ్మా" అంది. "ఫాదర్ సామి అప్పుడే జెప్పిండు గద, అడ్డం లేదని. ఆ పిల్ల అన్ననే వెట్టు."

మరి పోయినేడు మేనత్త అయితదని నన్ను బోయిన్‌పల్లి దాకా తిప్పితివి కదా అన్నాను.

ఆమె ఒక కాడ తుంచి పక్కన పడేసింది.

"పోయినేడు నా కొడుకు ఇంట్లకు వస్తలేకుండె."